పికప్‌కి ఆయిల్ ప్రెషర్ గేజ్: ఏది కొనాలి, ఎలా బిగించాలి, ముల్లు ఏం చెబుతుంది

డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ క్యాన్ బొమ్మతో ఉండే ఎర్ర లైటు వెలగడం లేదంటే అంతా బాగున్నట్టే అని చాలామంది అనుకుంటారు. చాలా ఇంజన్లలో ప్రెషర్ 4 నుంచి 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా, అంటే అర బార్ కంటే కిందికి పడిపోతేగానీ ఆ లైటు వెలగదు. స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నిలబడి ఉన్న ఇంజన్‌కి అది ఎలాగోలా సరిపోవచ్చు. వెనక బరువు వేసుకుని 2,500 ఆర్‌పీఎంలో ఘాట్ ఎక్కుతున్న బండికి 7 పీఎస్ఐ అంటే బేరింగులు అప్పటికే దెబ్బతింటున్నాయన్నమాట. 45 ఉండాల్సిన చోట 25 ఉంటే లైటు నోరు మెదపదు. ఆ సంగతి తెలియాలంటే గేజ్ కావాల్సిందే.

"మా బండికి కంపెనీవాళ్లు ఇచ్చిన గేజ్ ఉందిగా" అంటారా? దాన్ని ఒకసారి పరీక్షగా చూడండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడూ, బాగా వేడెక్కి స్లోలో ఉన్నప్పుడూ ముల్లు ఒకే చోట బొమ్మలా నిలబడి ఉంటే అది అసలు గేజ్ కాకపోవచ్చు. 1980ల చివరి నుంచి వచ్చిన ఫోర్డ్ పికప్‌లలో చాలావాటికి ఇంజన్ మీద ఉండేది ప్రెషర్‌ని కొలిచి గేజ్‌కి చెప్పే సెండర్ కాదు, సుమారు 6 పీఎస్ఐ దగ్గర పనిచేసే మామూలు స్విచ్. ప్రెషర్ అంతకు మించితే చాలు, సర్క్యూట్‌లోని రెసిస్టర్ ముల్లును తీసుకెళ్లి మధ్యలో నిలబెడుతుంది. పేరుకి గేజ్, చేసేది లైటు పనే.

ముందు ప్రెషర్ అంటే ఏమిటో చూద్దాం

పంపు చేసే పని ఆయిల్‌ని తోయడమే. ఆ ఆయిల్ క్రాంక్‌షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉన్న సందులోంచి బయటపడి మళ్లీ సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి చేరాలి. ఆ సందు మామూలుగా 0.03 నుంచి 0.07 మిల్లీమీటర్లు. అంత సన్నటి దారిలోంచి వెళ్లాలి కాబట్టి ఆయిల్‌కి అడ్డు తగులుతుంది. ఆ అడ్డు వల్ల పుట్టేదే ప్రెషర్. అందుకే ఆర్‌పీఎం పెరిగితే ముల్లు లేస్తుంది, ఆయిల్ వేడెక్కి పలచబడితే దిగుతుంది, బేరింగులు అరిగి సందు పెరిగినా దిగుతుంది.

ఇంకో సంగతి. షాఫ్ట్‌ని బేరింగ్‌కి తగలకుండా పైకెత్తి ఉంచేది పంపు ప్రెషర్ కాదు. తిరుగుతున్న షాఫ్ట్ తనే ఆయిల్‌ని కిందికి లాక్కుని ఒక పొర కట్టుకుంటుంది. ఆ పొరలో ఉండే ఒత్తిడి గేజ్ చూపించే దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పంపు బాధ్యత ఆ పొరకి ఆయిల్ తెగకుండా అందించడం వరకే. కాబట్టి 30 ఉన్న ఇంజన్ కంటే 60 ఉన్న ఇంజన్ రెండింతలు ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. థర్మామీటర్ జ్వరం ఎంతుందో చెబుతుంది, జబ్బేమిటో చెప్పదు. గేజ్ కూడా అంతే.

పంపుకి ఒక రిలీఫ్ వాల్వ్ ఉంటుంది. చాలా ఇంజన్లలో అది 50 నుంచి 70 పీఎస్ఐ మధ్య తెరుచుకుని, మిగిలిన ఆయిల్‌ని వెనక్కి పంపేస్తుంది. అందుకే కొంత ఆర్‌పీఎం దాటాక ఎంత రేస్ చేసినా ముల్లు ఇక పైకి పోదు. ఇందులో కంగారు పడాల్సింది లేదు.

మరి ఎంత ఉంటే మంచిది? పాత మెకానిక్కులు చెప్పే లెక్క ఒకటుంది: ప్రతి 1,000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ. పాతకాలపు వీ8 ఇంజన్లకి పనికొచ్చే మోటు లెక్క ఇది, అన్నిటికీ శాసనం కాదు. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇంత ఆర్‌పీఎం దగ్గర, ఇంత వేడిలో, కనీసం ఇంత అని రాసి ఉంటుంది. దాన్నే పట్టుకోండి. కొత్త ఇంజన్లలో చాలావాటికి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చెప్పినట్టు ప్రెషర్ మార్చే పంపులు ఉంటాయి. డీజిల్, పెట్రోల్ ఆదా కోసం తక్కువ ఆర్‌పీఎంలో అవి కావాలనే ప్రెషర్ తగ్గిస్తాయి, ఒక చోట ఉన్నట్టుండి పెంచుతాయి. ఆ సంగతి తెలియక కొత్త గేజ్ పెట్టించుకుని టెన్షన్ పడేవాళ్లు తక్కువేం కాదు.

మాన్యువల్‌లో ఏ యూనిట్‌లో ఉందో కూడా గమనించండి. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ, లేదా 100 కిలోపాస్కల్స్. పాత జపాన్ మాన్యువల్స్‌లో చదరపు సెంటీమీటరుకి కిలోల్లో ఉంటుంది, అక్కడ 1 అంటే 14.2 పీఎస్ఐ. రోజువారీ వాడకానికి దాన్ని ఒక బార్ అనుకున్నా నష్టం లేదు.

మెకానికలా, ఎలక్ట్రికలా?

మెకానికల్ గేజ్‌కి ఇంజన్ నుంచి సన్నటి ట్యూబులో ఆయిలే నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. కరెంటు గొడవ లేదు, చూపించే అంకె నమ్మకమైనది. కాకపోతే ఆ ట్యూబు తెగిందంటే కాగుతున్న ఆయిల్ మీ మోకాళ్ల మీద పడుతుంది. నైలాన్ ట్యూబు వేడికి మెత్తబడుతుంది, రాగి ట్యూబు అదురుకి గట్టిపడి విరుగుతుంది. రోజూ తిరిగే పికప్‌కి నేను ఎలక్ట్రికలే చెబుతాను. మెకానికల్ గేజ్‌ని పొడవాటి హోస్‌తో టూల్ బాక్స్‌లో ఉంచుకోండి. ఎప్పుడైనా అనుమానం వస్తే బానెట్ ఎత్తి తాత్కాలికంగా తగిలించి చూసుకోవడానికి దాన్ని మించింది లేదు.

ఎలక్ట్రికల్ కొంటే గేజ్‌నీ సెండర్‌నీ జతగానే కొనండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. వీడీవో అనే కంపెనీ రకం సెండర్ ప్రెషర్ లేనప్పుడు 10 ఓమ్స్, నిండుగా ఉన్నప్పుడు 180 ఓమ్స్ చూపిస్తుంది. అమెరికన్ రకం అందుకు తలకిందులు: సున్నా దగ్గర 240, నిండుగా 33. ఒకదాని సెండర్‌ని ఇంకోదాని గేజ్‌కి కలిపితే ముల్లు కదులుతుంది, కానీ చెప్పేదంతా అబద్ధం. మూడు వైర్ల ఎలక్ట్రానిక్ సెండర్లు 5 వోల్టులతో నడిచి 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా సిగ్నల్ ఇస్తాయి, అవి ఈ రెండింటికీ పనికిరావు.

గేజ్ కొలత 0 నుంచి 100 పీఎస్ఐ, లేదా 0 నుంచి 7 బార్ ఉన్నది తీసుకోండి. 60 దాకానే ఉన్నదైతే చల్లటి ఉదయాన స్టార్ట్ చేయగానే ముల్లు పోయి చివర తగులుకుంటుంది.

ప్రెషర్ ఎక్కడి నుంచి తీసుకోవాలి

అన్నిటికంటే తేలికైనది ఎర్ర లైటు స్విచ్ బిగించి ఉన్న రంధ్రమే. చాలా ఇంజన్లలో అది ఆయిల్ ఫిల్టర్ పక్కనో, బ్లాకు మీదో ఉంటుంది. షెవర్లే సిల్వరాడో 5.3 లీటర్ల ఇంజన్‌లో అయితే వెనక పైభాగంలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక నక్కి ఉంటుంది, చెయ్యి పెట్టడానికి తంటాలు పడాలి.

స్విచ్ తీసేసి ఆ చోట సెండర్ పెట్టేస్తే లైటు పోతుంది. లైటు పోగొట్టుకోవద్దు. ఈసీయూ ఆ సిగ్నల్‌ని చూస్తూ ఉండే బండ్లలో అసలే తీయకూడదు. రెండూ ఉండాలంటే మూడు దారులున్నాయి.

ఒకటి, ఇత్తడి టీ, అంటే ఒక రంధ్రాన్ని రెండుగా చేసే 'T' ఆకారపు జాయింటు. చవక, కానీ ప్రమాదకరం కూడా. వీడీవో లాంటి సెండర్ బరువుగా ఉంటుంది. దాన్ని టీకి వేలాడదీస్తే ఇంజన్ అదురుకి ఏదో ఒక రోజు టీ మెడ దగ్గర విరుగుతుంది. విరిగితే ఇంజన్‌లోని ఆయిలంతా చూస్తుండగానే రోడ్డు మీదికి పోతుంది. అందుకని టీ నుంచి స్టీల్ అల్లిక ఉన్న ఒక చిన్న హోస్ తీసుకుని, సెండర్‌ని ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) మీదో ఫెండర్ లోపలో క్లాంపుతో బిగించండి.

రెండు, ఆయిల్ ఫిల్టర్ కింద పెట్టే శాండ్‌విచ్ అడాప్టర్. ఇందులో సెండర్ కోసం విడిగా రంధ్రాలు ఉంటాయి. ఫిల్టర్ త్రెడ్ ఎం20×1.5 కావచ్చు, 3/4-16 కావచ్చు, మీ ఫిల్టర్‌కి సరిపోయేదే తీసుకోండి. ఫిల్టర్ రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది కాబట్టి కింద ఏమైనా తగులుతుందేమో ముందే చూసుకోవాలి.

మూడు, రెండు టెర్మినళ్లున్న సెండర్. వీడీవోలో 'జీ' అని ఉన్నది గేజ్‌కి, 'డబ్ల్యూకే' అని ఉన్నది లైటుకి. ఒకే రంధ్రంలో రెండు పనులూ అయిపోతాయి. పాత, సాదా వైరింగ్ ఉన్న బండ్లకి ఇది చక్కగా కుదురుతుంది.

త్రెడ్ విషయంలో మాత్రం కంటితో చూసి నిర్ణయించకండి. అమెరికన్ సెండర్లకి 1/8-27 ఎన్‌పీటీ అనే రకం త్రెడ్ ఉంటుంది. టయోటా, నిస్సాన్ లాంటి జపాన్ ఇంజన్లలో ఎక్కువగా 1/8-28 బీఎస్‌పీటీ అనే ఇంకో రకం. యూరప్ ఇంజన్లలో ఎం10×1 తరచుగా కనిపిస్తుంది. మూడూ బయటి కొలతలో 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటాయి, పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. ఎన్‌పీటీ త్రెడ్ బీఎస్‌పీటీ రంధ్రంలో రెండు మూడు చుట్లు బుద్ధిగా తిరుగుతుంది, తర్వాత పట్టేస్తుంది. అక్కడ పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం ఫిల్టర్ హౌసింగ్ పగులుతుంది. త్రెడ్ గేజ్‌తో కొలవండి, కావాల్సిన అడాప్టర్ ముందే తెచ్చుకోండి.

బిగించే పని

ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బండి కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్మకండి, స్టాండ్లు పెట్టండి. కొత్త టీ, హోస్, సెండర్ ముందే కలిపి చేతికందేలా పెట్టుకుంటే స్విచ్ ఊడదీశాక రంధ్రం ఎక్కువసేపు ఖాళీగా ఉండదు.

స్విచ్ కనెక్టర్‌ని లాక్ నొక్కి తీయండి, వైరు పట్టుకుని లాగొద్దు. స్విచ్ చుట్టూ ఉన్న మట్టి, జిడ్డు బ్రేక్ క్లీనర్‌తో కడగండి. ఆ రంధ్రంలో పడ్డ ఇసుక రేణువు నేరుగా బేరింగ్ దాకా పోగలదు. అప్పుడు స్విచ్ విప్పండి, దీనికి లోతైన సాకెట్ కావాలి. చివరి చుట్టు వదలగానే కొంచెం నల్లటి ఆయిల్ బ్లాకు వెంట జారుతుంది, కింద గుడ్డ పెట్టి ఉంచండి.

ఎన్‌పీటీ, బీఎస్‌పీటీ త్రెడ్లు చివరికి వచ్చేకొద్దీ సన్నబడతాయి, బిగిసేకొద్దీ వాటంతట అవే సీల్ అవుతాయి. లిక్విడ్ సీలెంట్ పల్చగా పూస్తే చాలు. మొదటి చుట్టును వదిలేసి రెండో చుట్టు నుంచి పూయండి, లేదంటే అదనంగా ఉన్నది పిండుకుని ఆయిల్ దారిలోకి పోతుంది. టెఫ్లాన్ టేప్ వద్దు. దాని పీలికలు లోపలికి పోవచ్చు, పైగా ఒకే టెర్మినల్ ఉన్న సెండర్‌కి ఎర్త్ అందేది ఆ త్రెడ్ల ద్వారానే, టేప్ దాన్ని అడ్డుకోవచ్చు. ఎం10×1 లాంటి సమానమైన త్రెడ్ అయితే సీల్ చేసేది వాషర్, పాతది పారేసి కొత్తది వేయండి.

చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన పానాతో ఒకటిన్నర చుట్ల దాకా బిగిస్తే సరిపోతుంది. ఇత్తడి మెత్తటి లోహం, కండబలం చూపించొద్దు. సెండర్ బిగించేటప్పుడు దాని డబ్బా పట్టుకుని తిప్పకండి, కింద ఉన్న ఆరు పలకల దగ్గరే పానా పెట్టండి. డబ్బా తిప్పితే లోపలి కొలత చెడుతుంది.

సెండర్‌ని హోస్‌తో దూరంగా పెట్టినవాళ్లు దాని ఒంటికి క్లాంపు కింద నుంచి విడిగా ఒక ఎర్త్ వైరు లాగాలి, దాన్ని పెయింట్ గీకిన చోట బాడీకి బిగించాలి. హోస్‌ని బిగుతుగా లాగి పెట్టకండి. స్టార్ట్ చేసినప్పుడూ, గేర్ వేసినప్పుడూ ఇంజన్ దాని మౌంట్ల మీద ఊగుతుంది. ఆ ఊగుడుకి సరిపడా వదులు ఉండాలి. సైలెన్సర్ మానిఫోల్డ్‌కీ, ఫ్యాన్ బెల్టుకీ, స్టీరింగ్ రాడ్డుకీ దూరంగా ఉండాలి.

ఇక వైర్లు. ఫైర్‌వాల్‌లో ఇప్పటికే వైర్లు వెళ్తున్న రబ్బరు గ్రొమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) ఉంటుంది. దానికే చిన్న గాటు పెట్టి సెండర్ వైరుని పంపించండి. కొత్త రంధ్రం వేయక తప్పకపోతే అవతల ఏముందో చూసి మరీ డ్రిల్ పెట్టండి, ఆ రంధ్రానికీ గ్రొమెట్ వేయండి. వట్టి రేకు అంచు వైరు తొడుగుని నెలల్లో కోసేస్తుంది.

గేజ్ వెనక నాలుగు కనెక్షన్లు ఉంటాయి: సెండర్, కీ ఆన్ చేస్తే వచ్చే కరెంటు, ఎర్త్, బల్బు. కీ కరెంటుని ఫ్యూజ్ బాక్సు నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో తీసుకుని 3 ఆంప్స్ ఫ్యూజ్ వేయండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఈసీయూ ఫ్యూజుల జోలికి వెళ్లొద్దు, రేడియో లాంటిది చూసుకోండి. బల్బు వైరుని పార్కింగ్ లైట్ల లైనుకి కలిపితే రాత్రిళ్లు గేజ్ దానంతటదే వెలుగుతుంది.

గేజ్‌ని ఎక్కడ పెడతారన్నది మీ ఇష్టం. అద్దం పక్క పిల్లర్ మీద పెడితే చూడటానికి బాగుంటుంది, కానీ ఆ పిల్లర్ లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే అక్కడ ఏదీ బిగించకండి. అది విచ్చుకుంటే గేజ్ మీ ముఖం మీదికి ఎగురుతుంది.

స్టార్ట్ చేసే ముందు, చేశాక

బ్యాటరీ కలిపి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. ముల్లు సున్నా మీద నిలబడాలి. ఇప్పుడు సెండర్ దగ్గర వైరు పీకండి. 10-180 రకం గేజ్ అయితే ముల్లు చివరిదాకా పోతుంది, అదే వైరుని బాడీకి తాకిస్తే సున్నాకి వస్తుంది. 240-33 రకం దీనికి రివర్స్: పీకితే సున్నా కిందికి, బాడీకి తాకిస్తే చివరికి. ఇలా జరిగితే గేజ్, వైరింగ్ బాగున్నట్టే.

స్టార్ట్ చేయండి. ఒకటి రెండు సెకన్లు ముల్లు కదలదు, ఆ వెంటనే 50, 60 వైపు ఎగురుతుంది. ఐదారు సెకన్లయినా లేవకపోతే, లేదా ఎర్ర లైటు ఆరకపోతే వెంటనే ఆపేయండి. లేచిందా, స్లోలో ఉంచి దిగండి, టార్చి పట్టుకుని ప్రతి జాయింటూ చూడండి. తెల్లటి టిష్యూ కాగితం ఒక్కో జాయింటుకి ఒత్తి చూస్తే కంటికి కనపడని చెమ్మ కూడా దొరుకుతుంది. ఇదే పరీక్ష ఇంజన్ బాగా వేడెక్కాక ఒకసారి, వారం తిరిగాక ఇంకోసారి చేయండి.

ముల్లుని చదవడం

మొదటి వారంలోనే మీ బండి మామూలు అంకెలు రాసి పెట్టుకోండి: చల్లటి స్టార్ట్‌లో ఎంత, బాగా వేడెక్కాక స్లోలో ఎంత, వేడి మీద 2,000 ఆర్‌పీఎంలో ఎంత, హైవే వేగంలో ఎంత. ఇక్కడ వేడి అంటే టెంపరేచర్ ముల్లు మధ్యకి రావడం కాదు. నీళ్లు వేడెక్కినంత తొందరగా ఆయిల్ వేడెక్కదు, ఇరవై ముప్పై నిమిషాలు బండి నడపాలి. వేడి మీద స్లోలో 15 చూపించే ఇంజన్లు ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. రోజూ 25 చూపించే ఇంజన్ ఈ రోజు 15 చూపిస్తే మాత్రం కారణం వెతకాల్సిందే. పక్కవాడి బండి ముల్లుతో పోల్చుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

బ్రేక్ వేసినప్పుడో మలుపు తిరిగినప్పుడో ముల్లు ఒక్కసారి జారి మళ్లీ లేస్తోందంటే ముందు డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తక్కువై, పంపు స్ట్రైనర్ (ఆయిల్ పీల్చే మూతి దగ్గరి జల్లెడ) క్షణకాలం గాలి పీలుస్తోందేమో. ఆయిల్ మరీ ఎక్కువ పోసినా ప్రమాదమే, క్రాంక్‌షాఫ్ట్ దాన్ని నురగ చేస్తుంది, నురగతో ప్రెషర్ నిలవదు.

ముల్లు పిచ్చిగా అటూ ఇటూ కొట్టుకుంటుంటే అది ఆయిల్ పని కాదు, ఎర్త్ వైరు పని. నిజమైన ప్రెషర్ అలా గెంతదు.

నెలల మీద కొద్దికొద్దిగా దిగుతుంటే బేరింగులు అరుగుతున్నాయి, లేదా ఆయిల్‌లో ఇంధనం కలుస్తోంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతోందా గమనించండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ పికప్ చిన్న చిన్న దూరాలకే తిరుగుతుంటే, ఫిల్టర్ శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ అదనంగా చల్లే డీజిల్ సంప్‌లోకి దిగి ఇలా జరగడం మామూలే. ఆయిల్ మారిస్తే ముల్లు తిరిగి లేస్తుంది.

రిలీఫ్ వాల్వ్ మూసుకుని పట్టేస్తే కథ తిరగబడుతుంది. చల్లటి స్టార్ట్‌లో ముల్లు ఎన్నడూ లేనంత పైకి పోతుంది, ఫిల్టర్ డబ్బా ఉబ్బుతుంది, సీలు తన్నుకుని ఆయిల్ బయటికి చిమ్ముతుంది.

నడుస్తుండగా ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడితే బండిని పక్కకి తీసుకుని ఆపేయండి, ఆలోచించడం తర్వాత. ఎర్ర లైటు కూడా వెలిగిందా? అయితే ఆ ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేయకండి. లైటు వెలగలేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఉంది, కింద కారడం లేదు అంటే వైరో సెండరో పోయి ఉండే అవకాశమే ఎక్కువ. లైటుని ఉంచుకోమన్నది ఇందుకే.

తక్కువ చూపిస్తోందని ఇంజన్ విప్పడానికి తొందరపడకండి. ఇందాక చెప్పిన 5.3 లీటర్ల ఇంజన్‌లో కంపెనీ సెన్సార్ కింద చిన్న జల్లెడ ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోతే ప్రెషర్ బాగున్నా తక్కువే కనిపిస్తుంది. టూల్ బాక్స్‌లోని మెకానికల్ గేజ్ తగిలించి చూడండి.

అదీ తక్కువే చూపిస్తే చాలామందికి తట్టే ఉపాయం చిక్కటి ఆయిల్. 5డబ్ల్యూ-30 పోయాల్సిన దాంట్లో 20డబ్ల్యూ-50 పోస్తే ముల్లు లేచే మాట నిజమే. ఆయిల్ తేలిగ్గా బయటికి పోలేక లేస్తుంది. చల్లటి స్టార్ట్‌లో అదే ఆయిల్ క్యామ్‌షాఫ్ట్ దాకా చేరడం ఆలస్యమవుతుంది, ఆయిల్‌తో నడిచే వాల్వ్ టైమింగ్ భాగాలు మొండికేస్తాయి, అరిగిన బేరింగ్ అరుగుతూనే ఉంటుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడు పోసి, మెకానికల్ గేజ్‌తో చూసి, అప్పటికీ వేడి మీద కనీస అంకె రావడం లేదంటే సంప్ విప్పండి. ముందు స్ట్రైనర్ మూసుకుపోయిందేమో చూడండి, తర్వాత ఒక మెయిన్ బేరింగ్ క్యాప్, ఒక బిగ్ ఎండ్ క్యాప్ తీసి షెల్స్ (బేరింగ్ పెంకులు) చూడండి. పైపొర పోయి లోపలి రాగి రంగు బయటపడితే షెల్స్ మార్చాలి, క్రాంక్‌షాఫ్ట్‌ని మైక్రోమీటర్‌తో కొలిపించాలి.